మంచంపట్టిన పెద్దవారి పట్ల ఆస్పత్రిలో, వృద్ధాశ్రమంలో నిర్లక్ష్యం జరిగితే: కుటుంబ సభ్యులకు సమగ్ర మార్గదర్శి

పక్షవాతంతో మాట పడిపోయినవారు, మతిమరుపు ముదిరినవారు, ఐసీయూలో మత్తుమందుల ప్రభావంలో ఉన్నవారు తమకు ఏం జరిగిందో రేపు ఏ అధికారి ముందూ చెప్పలేరు. చూసినవారు సాధారణంగా అదే ఆస్పత్రిలోనో ఆశ్రమంలోనో జీతానికి పనిచేసేవారు కాబట్టి, వారు సాక్ష్యానికి ముందుకు రావడం అరుదు. అందువల్ల ఇలాంటి కేసుల్లో గెలుపోటములు న్యాయవాది నోరు విప్పకముందే, సంఘటన జరిగిన మొదటి వారం పది రోజుల్లో కుటుంబం సంపాదించుకున్న కాగితాలను బట్టి చాలావరకు తేలిపోతాయి. ఆ పది రోజుల్లో ఏం చేయాలి, ఆ తర్వాత ఏ తలుపు తట్టాలి అన్నది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో అమలులో ఉన్న చట్టాలను బట్టి ఇక్కడ వివరిస్తున్నాను.

1. ముందు మనిషిని సురక్షితమైన చోటికి చేర్చండి

ఫిర్యాదు తర్వాతి మాట. ఒంట్లో నీరు తగ్గి స్పృహ తప్పుతున్నా, పుండు నుంచి చీము కారుతూ జ్వరం వస్తున్నా, పడిపోయిన తర్వాత కాలు కదపలేకపోతున్నా, ముందుగా 108కి ఫోన్ చేసి వేరే ఆస్పత్రికి తరలించండి. వృద్ధాశ్రమం గేటు తీయకపోతే, లేదా మనిషిని చూడనివ్వకపోతే 112కి ఫోన్ చేయండి. వృద్ధుల కోసం కేంద్ర ప్రభుత్వం నడుపుతున్న ఎల్డర్ లైన్ నంబరు 14567.

బిల్లు కట్టలేదన్న కారణంతో రోగినిగానీ మృతదేహాన్నిగానీ ఆస్పత్రి నిర్బంధించరాదని జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రం స్పష్టంగా చెబుతోంది. బాకీ ఉంటే దాన్ని వసూలు చేసుకునే మార్గాలు వారికి వేరే ఉన్నాయి.

తరలించే సమయంలో చాలామంది తెలియక నష్టపోయే చోటు ఒకటుంది. వైద్యుల సలహాకు విరుద్ధంగా మా ఇష్టంతోనే తీసుకువెళుతున్నాం అన్న అచ్చు కాగితం మీద సంతకం పెట్టమంటారు. ఆ సంతకమే తర్వాత వినియోగదారుల కమిషన్‌లో ఆస్పత్రి వేసే మొదటి జవాబు అవుతుంది. సంతకం తప్పనిసరి అయితే, దాని పక్కనే మీ చేతిరాతతో కారణం రాయండి: "పిరుదుల వద్ద పడిన పుండుకు మూడు రోజులుగా డ్రెస్సింగ్ చేయనందున, మెరుగైన చికిత్స కోసం తీసుకువెళుతున్నాము" అని రాసి, తేదీ, సమయం వేసి, ఆ కాగితాన్ని ఫోన్‌తో ఫొటో తీసుకోండి.

కోపంతో అద్దాలు పగలగొట్టడం, డ్యూటీ డాక్టరు మీద చేయి చేసుకోవడం బాధితుడిని నిందితుడిగా మార్చేస్తాయి. వైద్య సిబ్బందిపై దాడులను అరికట్టడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లోనే ప్రత్యేక చట్టం వచ్చింది. దాని కింద మూడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. పది మంది బంధువులను పోగేసి ఆస్పత్రి ముందు బైఠాయించి, మధ్యవర్తుల సమక్షంలో ఎంతో కొంత సొమ్ముకు రాజీ పడే పద్ధతి మన పట్టణాల్లో బాగా అలవాటైపోయింది. ఆ సొమ్ము చేతికిచ్చేటప్పుడు ఇక ఎలాంటి ఫిర్యాదూ లేదని రాయించుకుంటారు కాబట్టి, జరిగింది నిజంగా ఘోరమైన నిర్లక్ష్యమే అయితే ఆ దారి కుటుంబానికి చాలా నష్టం చేస్తుంది.

2. జబ్బు తీవ్రతా, నిర్లక్ష్యమా అన్నది తేల్చుకోండి

చికిత్స ఫలించకపోవడం, రోగి చనిపోవడం వాటంతట అవి నిర్లక్ష్యం కావు. మూడు విషయాలు కలిసి రుజువు కావాలి: ఆ రోగి బాధ్యత ఆ సంస్థ తీసుకుంది, ఆ వృత్తిలో సాధారణ నైపుణ్యం ఉన్నవారు తీసుకునే జాగ్రత్త వారు తీసుకోలేదు, ఆ లోపం వల్లనే హాని జరిగింది. ఎక్కువ కేసులు మూడోదాని దగ్గరే వీగిపోతాయి. తొంభై ఏళ్ల వ్యక్తి న్యుమోనియాతో చనిపోతే, అది వయసు వల్ల వచ్చిందని ఆస్పత్రి అంటుంది. పడుకోబెట్టి ఆహారం పట్టడం వల్ల ఊపిరితిత్తుల్లోకి వెళ్లి వచ్చిందని మీరు అంటారు. అప్పుడు తేల్చేది ఆహారం ఎప్పుడు, ఎవరు, ఏ భంగిమలో పెట్టారన్న రికార్డు మాత్రమే.

డాక్టరు చేసిన వైద్య నిర్ణయంలో తప్పు పట్టడం కష్టం, ఎందుకంటే ఇద్దరు డాక్టర్లు రెండు రకాలుగా ఆలోచించడానికి న్యాయస్థానాలు అవకాశం ఇస్తాయి. నర్సింగ్ సేవలో, రోజువారీ సంరక్షణలో లోపం చూపించడం దానికన్నా తేలిక. గంట గంటకూ చేయవలసిన పని చేశారా లేదా అన్నదే అక్కడి ప్రశ్న. నా దృష్టిలో, పెద్దవారి విషయంలో కుటుంబాలు దృష్టి పెట్టవలసింది ఎక్కువగా ఈ రెండో రకంపైనే.

3. ఒంటి మీది గుర్తులను చదవండి

పడక పుండ్లతో మొదలుపెట్టండి. తుంటి ఎముకలు, పిరుదుల మధ్య పైభాగం, మడమలు, మోచేతులు, తల వెనుక భాగం, ఇవన్నీ ఎముక చర్మానికి దగ్గరగా ఉండి పరుపుకు ఒత్తుకునే చోట్లు. వేలితో నొక్కినా తెల్లబడని ఎర్రని మచ్చ మొదటి దశ. చర్మం పైపొర లేచిపోతే రెండో దశ. కొవ్వు కనిపించేంత లోతైతే మూడోది, కండరమో ఎముకో బయటపడితే నాలుగోది. కదలలేని రోగిని దాదాపు రెండు గంటలకొకసారి పక్కకు తిప్పడం దశాబ్దాలుగా నర్సింగ్‌లో నేర్పుతున్న ప్రాథమిక నియమం. చక్కెర వ్యాధి, రక్తప్రసరణ లోపం ఉన్నవారికి ఎంత చూసినా పుండు పడవచ్చు, అది నిజమే. అయితే మొదటి దశలో గుర్తించి రాసి ఉండాలి, గాలి పరుపు వేసి ఉండాలి, డ్రెస్సింగ్ మొదలై ఉండాలి. చేరిన రోజు చర్మం బాగుందని రాసిన కేసు షీటులో, ఆ తర్వాత పుండు ప్రస్తావన ఒక్కసారిగా నాలుగో దశలోనే కనిపిస్తే, మధ్యలో ఎవరూ ఆ మనిషిని పక్కకు తిప్పి చూడలేదన్న అనుమానానికి బలమైన ఆధారం దొరికినట్టే.

తర్వాత నీళ్లు. ఎండిపోయిన నాలుక, ముదురు రంగు మూత్రం, ఒక్కసారిగా వచ్చిన తికమక మాటలు ఒంట్లో నీరు తగ్గిందనడానికి సంకేతాలు. మన ఎండాకాలంలో ఇది రెండు మూడు రోజుల్లో ప్రాణం మీదికి తెస్తుంది. మూత్రానికి లేపాలి, డైపర్ మార్చాలి అన్న విసుగుతో నీళ్లు తక్కువ పట్టే ఆయాలు ఉంటారన్నది కటువుగా ఉన్నా జరిగే సంగతే. రక్త పరీక్షలో సోడియం, క్రియాటినిన్, యూరియా విలువలు చేరినప్పుడు ఎంత, తరలించినప్పుడు ఎంత అన్నది పక్కపక్కన పెట్టి చూపించండి. నెలనెలా బరువు చూసి రాసే పద్ధతి ఉందో లేదో కూడా అడగండి.

ముక్కు ద్వారా రైల్స్ ట్యూబు వేసిన రోగికి తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచి ఆహారం పట్టాలి. మూత్రం సంచి ఎప్పుడూ మూత్రాశయం కన్నా కిందనే వేలాడాలి, నేలకు తగలకూడదు. మీరు వెళ్లినప్పుడల్లా ఈ రెండూ చూడండి.

ఎప్పుడు వెళ్లినా మనిషి నిద్రలోనే ఉంటే మందుల చార్టు అడగండి. క్వెటియాపిన్, హాలోపెరిడాల్, లోరాజెపామ్ వంటి పేర్లు కొత్తగా కనిపిస్తే, ఎవరు రాశారు, ఏ కారణానికి రాశారు, మీకు చెప్పారా అన్నవి అడగవలసిన ప్రశ్నలు. వీటిలో క్వెటియాపిన్, హాలోపెరిడాల్ మానసిక వ్యాధులకు వాడే మందులు. మతిమరుపు వ్యాధి ఉన్న వృద్ధుల్లో ఆ తరగతి మందులు మరణ ముప్పును పెంచుతాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లో కొత్త తరం మందులకూ, 2008లో పాత తరం మందులకూ తీవ్ర హెచ్చరిక చేర్చింది. రాత్రి సిబ్బంది తక్కువగా ఉన్నారని అందరినీ నిద్రపుచ్చడం వైద్యం అనిపించుకోదు.

మణికట్టు చుట్టూ కమిలిన గీతలు కట్టివేసిన గుర్తులు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం, తక్షణ ప్రమాదాన్ని ఆపడానికి మరో మార్గం లేనప్పుడు మాత్రమే, మానసిక వైద్యుని అనుమతితో, వీలైనంత తక్కువ సేపు కట్టవచ్చు. శిక్షగానో, సిబ్బంది చాలరనో కట్టడం నిషిద్ధం. మానసిక చికిత్సాలయాలు, మద్యం మాన్పించే కేంద్రాలే ఎక్కువగా దీని కిందకు వస్తాయని అనుకుంటారు గానీ, ఆ చట్టం ఇచ్చిన మానసిక వ్యాధి నిర్వచనంలో జ్ఞాపకశక్తికి సంబంధించిన తీవ్ర లోపాలూ ఉన్నాయి.

4. చూసింది చూసినట్టు రాసి, భద్రపరచండి

ఒక నోటు పుస్తకంలో తేదీ, సమయం, డ్యూటీలో ఉన్నవారి పేరు, మీరు అడిగింది, వారు చెప్పింది ఏ రోజుది ఆ రోజే రాయండి. తీర్పులూ తిట్లూ రాయకండి. "నర్సు సరిగా చూడటం లేదు" అన్న వాక్యానికి విలువ లేదు. "సాయంత్రం 5 గంటలకు వెళ్లేసరికి ఉదయం వేసిన డైపరే ఉంది, చర్మం ఎర్రబడింది, డ్యూటీ నర్సుకు చెప్పగా ఆయా సెలవులో ఉందన్నారు" అన్నదానికి ఉంది.

పుండు ఫొటో తీసేటప్పుడు పక్కన స్కేలు గానీ రూపాయి బిళ్ల గానీ ఉంచితే పరిమాణం తెలుస్తుంది. దూరం నుంచి ఒకటి, దగ్గర నుంచి ఒకటి తీయండి. రోగి మానమర్యాదలకు భంగం కలిగే ఫొటోలను వాట్సాప్ గ్రూపుల్లోకి పంపవద్దు. అవి అధికారులకూ న్యాయవాదికీ మాత్రమే. ఫొటో తీసిన అసలు ఫోన్‌ను అమ్మేయకుండా, రీసెట్ చేయకుండా ఉంచుకోండి, ఎందుకంటే భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ ఆధారాలతో పాటు నిర్ణీత నమూనాలో ధ్రువపత్రం జతచేయాలి.

సీసీటీవీ దృశ్యాలు కొన్ని రోజులకో వారాలకో వాటంతట అవే చెరిగిపోతాయి. కాబట్టి ఫలానా తేదీ, ఫలానా సమయం నాటి, ఫలానా వార్డు దృశ్యాలను భద్రపరచమని కోరుతూ అదే రోజు ఈమెయిల్ పంపి, రిజిస్టర్డ్ పోస్టులోనూ పంపండి. వారు ఇవ్వకపోయినా ఫరవాలేదు. అడిగిన తర్వాత కూడా చెరిపేశారన్న సంగతి మీకు అనుకూలంగా పనిచేస్తుంది.

5. కేసు షీటు మొత్తం రాతపూర్వకంగా అడగండి

ఈ మార్గదర్శిలో ఒక్క పనే చేయగలిగితే ఇది చేయండి. డిశ్చార్జి సమ్మరీ ఇచ్చి అదే రికార్డంతా అని పంపించేస్తారు, కానీ అది ఆస్పత్రి తన కథను రెండు పేజీల్లో కుదించి రాసుకున్న కాగితం మాత్రమే. అసలు సంగతులు నర్సుల రాతల్లో ఉంటాయి. భారత వైద్య మండలి 2002లో తెచ్చిన వృత్తి ప్రవర్తనా నియమావళి ప్రకారం, ఇన్‌పేషెంట్ రికార్డులను చికిత్స మొదలైన తేదీ నుంచి మూడేళ్లు ఉంచాలి. రోగి గానీ, అతను అధికారం ఇచ్చిన అటెండెంట్ గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. 2023లో జాతీయ వైద్య కమిషన్ కొత్త నియమావళిని ప్రకటించి, ఆ నెలలోనే నిలిపివేయడంతో 2002 నాటిదే కొనసాగుతోంది. ఉత్తరం ఇలా రాయవచ్చు:

"మెడికల్ సూపరింటెండెంట్ గారికి,

మా నాన్నగారు ఫలానా ఐపీ నంబరుతో ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు మీ ఆస్పత్రిలో ఇన్‌పేషెంటుగా ఉన్నారు. వారి చికిత్సకు సంబంధించిన అడ్మిషన్ నోట్సు, రోజువారీ డాక్టర్ల నోట్సు, నర్సుల నోట్సు, మందుల చార్టు, ద్రవాల ఇన్‌టేక్–ఔట్‌పుట్ చార్టు, రోగిని పక్కలకు తిప్పిన చార్టు, పడిపోయిన సంఘటనపై రాసిన రిపోర్టు, సమ్మతి పత్రాలు, ఆపరేషన్, అనస్థీషియా నోట్సు, ల్యాబ్ రిపోర్టులు, స్కానింగ్ ఫిల్ములు, అంశాలవారీ బిల్లుల ధ్రువీకరించిన నకళ్లను 2002 నాటి వృత్తి ప్రవర్తనా నియమావళి, 1.3.2 నిబంధన ప్రకారం 72 గంటల్లో ఇప్పించవలసిందిగా కోరుతున్నాను. నకళ్లకు అయ్యే ఖర్చు చెల్లిస్తాను."

రెండు ప్రతులు తీసుకువెళ్లి, ఒకదానిపై ముద్ర, తేదీతో అందినట్టు సంతకం చేయించుకోండి. తీసుకోవడానికి నిరాకరిస్తే రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచండి. ఈ ఉత్తరంలో ఆరోపణలు చేయవద్దు, లాయరు నోటీసు భాష వాడవద్దు. గొడవ రాబోతోందని తెలిసిన తర్వాత చార్టుల్లో ఖాళీలు నిండిపోయే ప్రమాదం ఉంది. నకళ్లు చేతికొచ్చాక ఒకే సిరాతో, ఒకే చేతిరాతతో వారం రోజుల గళ్లన్నీ ఒకేసారి నింపినట్టు ఉన్నాయా, రోగి స్కానింగ్ గదిలో ఉన్న సమయంలో కూడా వార్డులో బీపీ చూసినట్టు రాశారా అన్నవి ఓపికగా పరిశీలించండి.

ప్రభుత్వ ఆస్పత్రి అయితే ఇదే ఉత్తరంతో పాటు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు కూడా పెట్టండి. గడువు 30 రోజులు, ప్రాణానికి సంబంధించిన సమాచారమైతే 48 గంటలు.

వృద్ధాశ్రమంలో కేసు షీటు ఉండకపోవచ్చు. చేరినప్పటి ఒప్పంద పత్రం, నెలనెలా కట్టిన రసీదులు లేదా యూపీఐ చెల్లింపుల వివరాలు, వారి ప్రకటన కరపత్రంలో ఇరవై నాలుగు గంటల నర్సు, వారానికొకసారి డాక్టరు అంటూ ఇచ్చిన హామీలు, మేనేజరుతో జరిగిన వాట్సాప్ సంభాషణలు అక్కడ రికార్డు స్థానాన్ని తీసుకుంటాయి.

6. మరణం సంభవించినప్పుడు

దహనానికి ముందే నిర్ణయం తీసుకోవాలి. ఇది ఎంత కష్టమో తెలిసే చెబుతున్నాను. పోస్టుమార్టం లేని మరణంలో కారణం ఏమిటన్నదానికి చివరకు ఆస్పత్రి రాసిన మాటే మిగులుతుంది. అనుమానం బలంగా ఉంటే స్థానిక పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, ప్రభుత్వ ఆస్పత్రిలో పోస్టుమార్టం కోరండి. విదేశాల నుంచి పిల్లలు వచ్చేదాకా ఫ్రీజర్ బాక్సులో ఉంచే కుటుంబాలకు ఈ ఆలోచనకు ఒకటి రెండు రోజులు దొరుకుతాయి; ఆ సమయాన్ని బంధువుల అభిప్రాయ భేదాల్లో పోగొట్టుకోకండి.

7. సంబంధం లేని మరో వైద్యుని అభిప్రాయం తీసుకోండి

రికార్డు చేతికొచ్చాక, అదే విభాగానికి చెందిన వేరొక డాక్టరుకు చూపించి రాతపూర్వక అభిప్రాయం కోరండి. ఒకే ఊళ్లో ఒకరిపై ఒకరు రాయడానికి వెనుకాడతారు కాబట్టి మరో నగరంలో ప్రయత్నించడం మంచిది; పదవీ విరమణ చేసిన ప్రభుత్వ వైద్య కళాశాల ఆచార్యులు కొందరు ఇందుకు ఒప్పుకుంటారు.

అయితే ప్రతి కేసులోనూ నిపుణుని అభిప్రాయం తప్పనిసరి కాదు. హైదరాబాద్ నుంచే వెళ్లిన వి. కిషన్‌రావు కేసులో, మలేరియాకు టైఫాయిడ్ చికిత్స చేశారన్న ఆరోపణపై జిల్లా వినియోగదారుల ఫోరం ఇచ్చిన 2 లక్షల రూపాయల పరిహారాన్ని పై ఫోరాలు కొట్టివేయగా, 2010లో సుప్రీంకోర్టు పునరుద్ధరిస్తూ ఈ మాటే చెప్పింది. నాలుగో దశ పడక పుండు, మంచం మీద నుంచి పడి విరిగిన తుంటి, ఒకరికి ఇవ్వాల్సిన ఇంజెక్షన్ మరొకరికి ఇవ్వడం వంటివి సామాన్యుడికీ అర్థమయ్యే లోపాలు.

8. మీకు ఏం కావాలో తేల్చుకుని, తగిన తలుపు తట్టండి

డబ్బు పరిహారం, లైసెన్సుపై చర్య, శిక్ష, ఈ మూడూ వేర్వేరు చోట్ల దొరుకుతాయి. ఒకేచోట మూడూ అడిగి ఏదీ దక్కించుకోలేని కుటుంబాలు చాలా ఉన్నాయి.

సంస్థపై చర్య కావాలంటే జిల్లా వైద్య, ఆరోగ్య అధికారి కార్యాలయం. ప్రైవేటు ఆస్పత్రులూ నర్సింగ్ హోమ్‌లూ అక్కడ నమోదు కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2002 నాటి రాష్ట్ర చట్టం, తెలంగాణలో 2010 నాటి కేంద్ర క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్ల చట్టం దీనికి ఆధారం. నెలకింత అని తీసుకుని వృద్ధులను ఉంచుకునే హోమ్ విషయంలో వయోవృద్ధుల సంక్షేమ శాఖ జిల్లా కార్యాలయానికీ, కలెక్టరుకూ ఫిర్యాదు ఇవ్వండి. సోమవారం నాటి ప్రజావాణిలోనో గ్రీవెన్స్‌లోనో ఇస్తే నంబరు పడుతుంది. వైద్యం కూడా చేస్తున్నామని చెప్పుకుంటూ ఆస్పత్రిగా నమోదు కాని హోమ్‌ల సంగతి వెంటనే బయటపడేది ఇక్కడే.

డాక్టరు ప్రవర్తనపై చర్య కావాలంటే ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్, తెలంగాణ మెడికల్ కౌన్సిల్. కొంతకాలం పాటు, లేదా శాశ్వతంగా పేరు తొలగించే అధికారం వాటికి ఉంది, పరిహారం ఇప్పించే అధికారం లేదు. ఆరు నెలల్లో నిర్ణయించాలని నియమావళిలో ఉన్నా ఆలస్యం మామూలే. సహవృత్తివారే విచారిస్తారన్న అపనమ్మకం సహజం. అయినా కౌన్సిల్ అడిగితే డాక్టరు రాతపూర్వకంగా సమాధానం ఇవ్వక తప్పదు, ఆ సమాధానం మీ వినియోగదారుల కేసులో పనికొస్తుంది.

శిక్ష కోసం పోలీసులను ఆశ్రయించేముందు రెండుసార్లు ఆలోచించండి. 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు, డాక్టరుపై క్రిమినల్ కేసుకు ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలనీ, ముందుగా స్వతంత్ర వైద్యుని అభిప్రాయం తీసుకోవాలనీ, మామూలు కేసుల్లో లాగా అరెస్టు చేయరాదనీ చెప్పింది. భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే ఐదేళ్ల వరకు శిక్ష. వైద్య ప్రక్రియ చేస్తున్న రిజిస్టర్డ్ డాక్టరుకు మాత్రం రెండేళ్ల వరకు. ఆశ్రమ నిర్వాహకులకూ ఆయాలకూ ఈ మినహాయింపు లేదు.

నిస్సహాయుల సంరక్షణ విషయంలో పెద్దగా ఎవరూ వాడని సెక్షన్లు మరికొన్ని ఉన్నాయి. వ్యాధి వల్లనో దుర్బలత వల్లనో తనను తాను చూసుకోలేని వ్యక్తిని చూసుకుంటానని ఒప్పందం చేసుకుని, కావాలని చూసుకోకపోతే న్యాయ సంహిత 357వ సెక్షన్ కింద మూడు నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా. శిక్ష చిన్నదే, కానీ ఏజెన్సీ పంపిన కేర్‌టేకరు విషయంలో సరిగ్గా సరిపోయే సెక్షన్ ఇది. వికలాంగుల హక్కుల చట్టం, 2016లోని 92వ సెక్షన్ దీనికన్నా చాలా బలమైనది: తన అధీనంలో ఉన్న వికలాంగ వ్యక్తికి తెలిసీ ఆహారం, నీళ్లు ఇవ్వకపోతే ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు జైలు. పార్కిన్సన్స్ వ్యాధి ఆ చట్టం షెడ్యూలులోనే ఉంది. పక్షవాతం వల్ల శాశ్వతంగా కదలలేనివారికి సదరం సర్టిఫికెట్ ముందే తీసుకుని ఉంటే ఈ దారి తేలికవుతుంది. స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోకపోతే ఎస్పీకి గానీ కమిషనరుకు గానీ పోస్టులో పంపి, అప్పటికీ కదలకపోతే మెజిస్ట్రేటు కోర్టును ఆశ్రయించవచ్చు.

పరిహారానికి ప్రధాన వేదిక వినియోగదారుల కమిషన్.

9. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు

డబ్బు తీసుకుని చేసే వైద్యం సేవ కిందకు వస్తుందని సుప్రీంకోర్టు 1995లో వి.పి. శాంత కేసులో తేల్చింది. కొందరి దగ్గర తీసుకుంటూ కొందరికి ఉచితంగా చేసే ఆస్పత్రిలో ఉచిత రోగికీ ఈ హక్కు ఉంది. అందరికీ ఉచితంగా చేసే ప్రభుత్వ ఆస్పత్రికి, ధర్మాశ్రమానికి ఇది వర్తించదు. అక్కడ సివిల్ కోర్టు, హైకోర్టులో రిట్, రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ మిగులుతాయి. తల్లి కోసం కొడుకు డబ్బు కడితే ఇద్దరూ వినియోగదారులే. 1998 నాటి స్ప్రింగ్ మెడోస్ ఆస్పత్రి కేసులో అర్హత లేని నర్సు ఇచ్చిన తప్పుడు ఇంజెక్షన్‌తో మెదడు దెబ్బతిన్న బాలుడికీ, డబ్బు కట్టిన తల్లిదండ్రులకూ విడివిడిగా పరిహారం దక్కింది. సిబ్బంది తప్పుకు ఆస్పత్రిదే బాధ్యత కాబట్టి, ఏ నర్సు, ఏ డాక్టరు అన్నది తెలియకపోయినా ఆస్పత్రిని ప్రతివాదిగా పెట్టవచ్చు.

గడువు రెండేళ్లు. ఆలస్యానికి తగిన కారణం చూపితే మన్నించే అధికారం కమిషన్‌కు ఉన్నా, దాని మీద ఆధారపడవద్దు. కడుపులో గుడ్డ మరిచిపోయారన్న ఒక కేసులో, నష్టం తెలిసిన రోజు నుంచి గడువు లెక్కించే సూత్రాన్ని సుప్రీంకోర్టు 2010లో అంగీకరించింది. అయితే ఏళ్ల తరబడి నొప్పి ఉన్నా ఆరా తీయలేదన్న కారణంతో ఆ బాధితురాలి ఫిర్యాదును మాత్రం తోసిపుచ్చింది.

2021 డిసెంబరులో వచ్చిన నిబంధనల ప్రకారం మీరు సేవకు చెల్లించిన సొమ్ము 50 లక్షల వరకు ఉంటే జిల్లా కమిషన్, 2 కోట్ల వరకు రాష్ట్ర కమిషన్, ఆపైన జాతీయ కమిషన్. అడిగే పరిహారం ఎంతన్నది దీనికి లెక్క కాదు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు: విజయవాడలో ఉంటున్న కూతురు, హైదరాబాద్ ఆస్పత్రిపై విజయవాడలో ఫిర్యాదు చేయవచ్చు. ఆన్‌లైన్‌లో దాఖలు చేసే సౌకర్యమూ ఉంది. సందేహాలకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. న్యాయవాది తప్పనిసరి కాదు గానీ వైద్య కేసుల్లో ఉండటమే మంచిది. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు, తక్కువ ఆదాయం ఉన్నవారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ నుంచి ఉచిత సహాయం పొందవచ్చు, నంబరు 15100.

ఫిర్యాదును తేదీల వరుసలో రాసి, ప్రతి వాక్యం పక్కనా ఏ పత్రం రుజువో సూచించండి. పరిహారాన్ని లెక్కగట్టి అడగండి: ఆ ఆస్పత్రి బిల్లు, తర్వాతి ఆస్పత్రి బిల్లు, ఇంట్లో పెట్టుకున్న ఆయా జీతం, గాలి పరుపు, డ్రెస్సింగ్ ఖర్చు, ఆపైన నొప్పికీ మానసిక వేదనకూ. వృద్ధుల విషయంలో పోయిన సంపాదన అన్న పద్దు దాదాపు ఉండదు కాబట్టి, పత్రికల్లో చదివిన కోట్ల పరిహారాలు వీరికి రావడం అరుదు. నిమ్స్‌లో 1990లో జరిగిన శస్త్రచికిత్స తర్వాత నడుము కింద చచ్చుబడిన ఇంజనీరింగ్ విద్యార్థికి సుప్రీంకోర్టు కోటి రూపాయలు ఇచ్చింది 2009లో. ఆ మొత్తం వెనుక యువకుడి ముందున్న జీవితకాల సంరక్షణ ఖర్చు ఉంది, పందొమ్మిదేళ్ల నిరీక్షణ కూడా ఉంది. ఫిర్యాదుదారు ప్రాథమికంగా నిర్లక్ష్యాన్ని చూపగలిగితే, తాము జాగ్రత్త తీసుకున్నామని నిరూపించుకోవలసిన భారం ఆస్పత్రిపై పడుతుందని ఆ తీర్పులో చెప్పిన మాట మాత్రం అందరికీ పనికొస్తుంది. ఆస్పత్రి చేతిలో రోగిని పక్కలకు తిప్పిన చార్టు లేనప్పుడు ఆ భారం చాలా బరువైనది.

నోటీసు అందిన 30 రోజుల్లో, కమిషన్ అనుమతిస్తే మరో 15 రోజుల్లో ఆస్పత్రి జవాబు ఇవ్వాలి. అంతకు మించితే తీసుకోరాదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లో చెప్పింది కాబట్టి ఆ తేదీని మీరే లెక్కపెట్టుకోండి. త్వరగా తేలాలనుకునేవారికి శాశ్వత లోక్ అదాలత్ మరో దారి. ఆస్పత్రి సేవలు దాని పరిధిలో ఉన్నాయి, కోర్టు ఫీజు లేదు, రాజీ కుదరకపోతే అదే తీర్పు కూడా ఇస్తుంది. చిన్న మొత్తాల తగాదాల్లో నేను దీన్నే ముందు సూచిస్తాను.

10. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న పిల్లలకు

తల్లిదండ్రులను హోమ్‌లో చేర్చి వెళ్లినవారు, ఇక్కడున్న ఒకరి పేరిట పవర్ ఆఫ్ అటార్నీ ముందే రాసిపెట్టడం మంచిది. అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించిన పత్రం ఇక్కడికి చేరిన మూడు నెలల్లో స్టాంపు వేయించాలి. రికార్డులు అడిగే అధికారం ఫలానా వ్యక్తికి ఇస్తున్నానని రోగి మాట, సంతకం బాగున్నప్పుడే విడిగా ఒక కాగితం రాయించుకుంటే, తర్వాత ఆస్పత్రి కౌంటరు దగ్గర వాదన ఉండదు. వీడియో కాల్‌లో ముఖం మాత్రమే చూపిస్తారు. దుప్పటి తీసి మడమలు, వీపు చూపించమని అడగండి. వారానికొకసారి వేళ మార్చి, చెప్పకుండా వెళ్లి చూసే బంధువునో స్నేహితుడినో ఏర్పాటు చేసుకోండి.

11. తీర్పు తర్వాత

జిల్లా కమిషన్ తీర్పుపై 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేయవచ్చు. ఆస్పత్రి అప్పీలు చేయాలంటే తీర్పులో చెప్పిన సొమ్ములో సగం ముందు జమ చేయాలి. అప్పీలూ చేయక, డబ్బూ ఇవ్వకపోతే మౌనంగా ఎదురుచూడవద్దు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 71వ సెక్షన్ కింద సివిల్ కోర్టు డిక్రీలా అమలు చేయమనీ, 72వ సెక్షన్ కింద చర్య తీసుకోమనీ అదే కమిషన్‌లో దరఖాస్తు పెట్టండి. ఉత్తర్వును ఖాతరు చేయనివారికి 72వ సెక్షన్ కింద నెల నుంచి మూడేళ్ల వరకు జైలు, లేదా 25,000 నుంచి లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. నోటీసు వెళ్లిన తర్వాతే చెక్కు తయారయ్యే సందర్భాలు తక్కువేమీ కాదు.